పెంచి పంపెడి ధర్మము

కన్న బిడ్డను పెంచుటకు ఎవరును ఎవరి అనుమతియు కోరనక్కఱలేదు. దత్తత చేసికొన్న బిడ్డ కూడ శాస్త్రమునందును, చట్టమునందును, లోకవ్యవహారమునందును కన్న బిడ్డతో సమానమే. కాని పరుల బిడ్డను కొన్ని నెలలపాటు, ఒక్కొక్కప్పుడు కొన్ని యేండ్లపాటు, తన ఇంట నుంచుకొని సొంత బిడ్డవలె పెంచి, కన్నవారు కోలుకొన్ననాడు మరల వారి చేతిలో పెట్టుట అన్నది వేఱొక ధర్మము. ఇంగ్లీషువారు దీనిని ఫాస్టర్ కేర్ అందురు. 2015 నాటి బాలల న్యాయ చట్టము దీనికి స్పష్టమైన స్థానము కల్పించినది. అంతవఱకు దంపతులకే పరిమితమై యున్న ఈ అవకాశమును 2024లో కేంద్ర ప్రభుత్వము నూతన మార్గదర్శకముల ద్వారా అవివాహితులకు, భర్తనో భార్యనో పోగొట్టుకొన్నవారికి, విడాకులు పొందినవారికి కూడ విస్తరింపజేసినది. ఒంటరి స్త్రీ ఆడపిల్లనైనను మగపిల్లవానినైనను పెంచవచ్చును. ఒంటరి పురుషుడు మగపిల్లవానిని మాత్రమే పెంచవచ్చును. దంపతులైనచో కనీసము రెండేండ్లు సఖ్యముగా కాపురము చేసియుండవలెను. ద్వారము వెడల్పయినందుకు సంతోషింపవలసినదే. ఐనను ఆ ద్వారమున లోనికి అడుగిడువారు ఏమి తెలిసికొని, దేనికి సిద్ధపడి అడుగిడవలెనన్న ప్రశ్న ఇప్పుడు మునుపటికంటె ముఖ్యమైనది.

తెలుగులో ఈ పనికి స్థిరమైన పేరు ఇంకను ఏర్పడలేదు. దత్తత అన్న మాట దీనికి పొసగదు. దత్తుడనగా ఇయ్యబడినవాడు, ఒకమాఱు ఇచ్చిన పిమ్మట ఇచ్చినవారికి వానిపై మరల హక్కు లేదు. పెంపుడు అన్న మాట కొంత దగ్గఱగా ఉన్నను, పెంపుడు కొడుకు అనగానే ఆస్తియు, వారసత్వమును, తలకొఱివియు మనసున మెదలును. పైగా ఆ మాట చిలుకకును కుక్కకును గూడ చెల్లుచున్నది. రాయలసీమలో సాకుట యనియు, తెలంగాణమున సాదుట యనియు పలుకుబడి కలదు. సాకిన బిడ్డ, సాదుకొన్న బిడ్డ అనుటలో సొంతము చేసికొనుట కంటె కడుపునిండ పెట్టి పెద్ద చేయుటయే ముందుగా వినవచ్చును. అదే సాకు అన్న మాటకు నెపమను అర్థము కూడ ఉండుట ఒక వింత. పల్లెలోని పేద బంధువుల పిల్లను సాకెదమని పట్టణమునకు తీసికొనివచ్చి, ఆ సాకుతో ఆ పిల్లచేత అంట్లు తోమించుకొన్న ఇండ్లు తెలుగుదేశమున లేకపోలేదు. పదునాలుగేండ్ల లోపు పిల్లలను ఇంటిపనికి పెట్టుకొనుట 2006 నుండియే నిషిద్ధము. ఐనను బంధుత్వము చాటున ఆ పని ఎన్నో ఇండ్లలో సాగినదన్నది ఎవరికి తెలియదు? కావున సాకుట అన్న మాటను ఈ రెండవ అర్థమునుండి కాపాడుటయే సిద్ధపాటునకు తొలిమెట్టు.

పరుల బిడ్డను పెంచుట తెలుగువారికి క్రొత్త విషయము కాదు. పురాణేతిహాసములు ఈ కథలతో నిండియున్నవి. అడవిలో పక్షుల నడుమ దొఱకిన శకుంతలను కణ్వుడు పెంచెను. ఏటిలో కొట్టుకొనివచ్చిన పెట్టెయందలి పసివానిని రాధ పెంచెను. ఆ బిడ్డ పెద్దవాడై తన పుట్టుక రహస్యము తెలిసిన పిమ్మటను రాధేయుడుగనే నిలిచెను. కాని నేటి చట్టము ఉద్దేశించిన పెంపకమునకు వీటన్నిటికంటె దగ్గఱగా నున్నది యశోద కథ. కన్నవారు చెఱలో నున్నారు, బిడ్డకు ప్రాణభయమున్నది, కావున ఆ బిడ్డను ఏటికి ఆవల, క్షేమమైన ఇంట చేర్చిరి. ఆపద తొలగిన పిమ్మట ఆ బిడ్డ కన్నవారిని చేరెను. అక్రూరుని రథము కదలినపుడు వ్రేపల్లె ఎంత దుఃఖపడెనో భాగవతము చదివిన తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఐతే యశోదకును నేటి పోషకురాలికిని ఒక భేదమున్నది. కృష్ణుడు తన కడుపున పుట్టిన బిడ్డయే యని యశోద నమ్మియుండెను. నేటి పోషకురాలికి, బిడ్డ గడపలో అడుగుపెట్టిన మొదటి దినముననే, ఈ బిడ్డ తన బిడ్డ కాదనియు, ఒకనాడు వెళ్ళవలసియుండవచ్చుననియు తెలిసియుండును. తెలిసియు ప్రేమింపవలెను. పోవునని తెలిసి ప్రేమను తగ్గించుకొన్నచో బిడ్డకు అన్యాయము. ప్రేమించితిని గదా యని పోనీయకున్నచో కన్నవారికి అన్యాయము. ఈ రెంటి నడుమ నడచుటకు మనసును అలవఱచుకొనుటయే ఈ విషయమున అన్నిటికంటె కఠినమైన శిక్షణ.

చట్టపు మాటలు సాధారణముగా పొడిగా నుండును. ఐనను బాలల న్యాయ చట్టమును నిదానముగా చదివినచో దానివెనుక గల ఆలోచన తేటపడును. పోషక కుటుంబమనగా ఎవరో ముందుకు వచ్చిన కుటుంబము కాదు. ఎంపికయై, అర్హత కలిగి, ఆమోదము పొంది, పర్యవేక్షణకు లోబడిన కుటుంబమని ఆ చట్టము నిర్వచించినది. బిడ్డను అప్పగించు అధికారము ఇరుగుపొరుగులకు గాని, ఆసుపత్రులకు గాని, అనాథాశ్రమముల యజమానులకు గాని లేదు. జిల్లాలోని బాలల సంక్షేమ సమితి ఉత్తరువు ఉండితీరవలెను. 44వ సెక్షను మఱికొన్ని విషయములను విధించినది. కుటుంబమును ఎంచునపుడు వారి శక్తిని, ఉద్దేశ్యమును, పిల్లలను పెంచిన అనుభవమును చూడవలెను. తోబుట్టువులను సాధ్యమైనంతవఱకు ఒకే ఇంట ఉంచవలెను. చదువు, ఆరోగ్యము, పోషణ అన్నియు పోషక కుటుంబము బాధ్యత. సమితి నెలకొకమాఱు బిడ్డ క్షేమమును తనిఖీ చేయవలెను. లోపము కనబడినచో బిడ్డను వేఱొక ఇంటికి మార్పవలెను. కన్నవారు పెంచజాలని స్థితిలో నున్నందున బిడ్డను అప్పగించిన పక్షమున, సమితి కాదననంతవఱకు వారు అప్పుడప్పుడు వచ్చి బిడ్డను చూచిపోవచ్చును. వారు తగినవారైరని సమితి తలచిననాడు బిడ్డ తన ఇంటికి తిరిగిపోవచ్చును. దత్తతకు అర్హత గల బిడ్డను దీర్ఘకాలపు పోషణకు ఇయ్యరాదన్న నియమము కూడ ఆ సెక్షనులోనే కలదు. ఈ నియమములలో ఏ యొక్కటియు బిడ్డను ఎవరి సొత్తుగను చూడలేదన్నది గమనింపదగినది.

పిల్లలకు ఆశ్రమములు ఉండగా ఈ శ్రమ అంతయు ఎందులకని అడుగువారు ఉందురు. దీనికి సమాధానము ఏడుపదుల యేండ్ల క్రిందటనే లభించినది. 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కొఱకు జాన్ బౌల్బీ అను ఆంగ్ల వైద్యుడు వ్రాసిన నివేదిక, కడుపునిండ తిండి యున్నను, ఒళ్ళు దాచ గుడ్డయున్నను, తనదైన ఒక్క మనిషి లేని పసిబిడ్డ మనసు క్రుంగిపోవునని ప్రపంచమునకు తెలియజెప్పినది. రుమేనియా రాజధాని బుఖారెస్టులో 2000వ సంవత్సరమున ఆరంభమైన పరిశోధన ఈ విషయమును మఱింత దృఢపఱచినది. ఆశ్రమములలోని 136 మంది పసివారిలో సగముమందిని చీటివేసినట్లుగా ఎంచి కుటుంబములకు అప్పగించి, ఉభయుల ఎదుగుదలను ఏండ్ల తరబడి పరిశీలించిరి. కుటుంబములలో పెరిగినవారు తెలివితేటలలో ముందంజ వేసిరనియు, రెండేండ్లు నిండకమునుపే ఇల్లు చేరినవారికి మఱింత మేలు కలిగెననియు 2007లో ప్రకటించిన ఫలితముల వలన తేలినది. ఇచ్చట ఒక విషయమును విస్మరింపరాదు. ఆ కుటుంబములకు బిడ్డలను ఊరక అప్పగింపలేదు. ముందుగా ఎంచి, శిక్షణ ఇచ్చి, పిదప కూడ సాంఘిక కార్యకర్తల తోడును అందించిరి. మేలు చేసినది నాలుగు గోడల ఇల్లు కాదు, సిద్ధపడిన ఇల్లు.

సిద్ధపాటు లేని ఉత్సాహము ఎట్లుండునో 2021 వేసవిలో దేశమంతయు చూచినది. కోవిడ్ మహమ్మారి తల్లిదండ్రులను ఇద్దఱిని పొట్టనబెట్టుకొన్న ఇండ్లలో పసివారు మిగిలిరి. వారిని గూర్చి, ఫలానా ఊరిలో ఫలానా వయసు పిల్లలున్నారు, తీసికొని పెంచుకొనుడని చరవాణులలో సందేశములు తిరిగినవి. వాటిని చూచి కన్నీరు పెట్టినవారును, మఱునాడే వచ్చి తీసికొనిపోయెదమన్నవారును అనేకులు. వారి జాలిని శంకింపనక్కఱలేదు. కాని అట్లు చేతులు మారిన బిడ్డ ఏమగునో అడుగువారు ఉండరు. పిల్లలను అమ్ముకొనువారికి ఇంతకంటె అనువైన సమయము లేదు. అందువలననే బాలల హక్కుల సంస్థలును ప్రభుత్వమును అది నేరమని హెచ్చరింపవలసి వచ్చినది. ఆపదలో నున్న బిడ్డను గూర్చి తెలిసినవారు చేయవలసినది 1098కి ఫోను చేయుట. జాలి క్షణములో కలుగును. బిడ్డ మాత్రము ప్రతిదినము ఉదయమున లేచి, పాలు త్రాగి, బడికి పోయి, జ్వరము వచ్చి, అలిగి, నిద్రించును. ఆ దినములన్నిటికిని సరిపడ ఓరిమి ఉన్నదా యని జాలిపడినవారు తమను తాము ప్రశ్నించుకొనవలెను.

ఇంతకును మొదట తేల్చుకొనవలసినది ఉద్దేశ్యము. సంతానము లేనివారు వంశము నిలుపుకొనగోరుట తప్పు కాదు; వారికి దత్తత మార్గమున్నది, దానికి వేఱు నియమములున్నవి. పోషణ మార్గమున వచ్చి, మెల్లగా బిడ్డను తమదిగా చేసికొందమన్న తలంపుతో ముందుకు వచ్చువారు మాత్రము ఆగి ఆలోచింపవలెను. 2024 నాటి మార్గదర్శకములు రెండేండ్లు పెంచిన పిమ్మట ఆ బిడ్డను దత్తత చేసికొనుటకు వీలు కల్పించినవి. పూర్వము ఐదేండ్లు వేచియుండవలసి వచ్చెడిది. కన్నవారు లేని, లేక ఎన్నడును తిరిగిరాని బిడ్డ విషయమున ఇది గొప్ప మేలు. అట్టి బిడ్డ తనది కాని ఇంట ఐదేండ్లు అతిథివలె నుండుటకంటె త్వరగా సొంత బిడ్డ యగుట మంచిదే. కాని ఈ సౌలభ్యము వలన ప్రతి పోషణయు దత్తతకు పరీక్షాకాలము వంటిదన్న భావము వ్యాపించినచో, జైలులో నున్న తండ్రియు, మానసిక వ్యాధికి చికిత్స పొందుచున్న తల్లియు తమ బిడ్డను శాశ్వతముగా కోల్పోయెదమన్న భీతితో సహాయమునే నిరాకరింతురు. బిడ్డ తిరిగిపోవుటయే మా కోరిక, పోజాలని స్థితి ఏర్పడినచో మేమున్నాము అన్న వరుసలో కోరికలుండవలెను. వరుస తలక్రిందులైన ఇంట బిడ్డకు మేలు జరుగదు.

ఉద్దేశ్యము తేలిన పిమ్మట ఇల్లు సిద్ధపడవలెను. ఇల్లనగా గదియు మంచమును మాత్రమే కాదు. ఇంటిలోని అత్తమామలు, సొంత పిల్లలు, వచ్చిపోవు బంధువులు, మేడమీద వాటాలోనివారు అందఱును ఆ బిడ్డ లోకములో భాగమే. తెలుగు నాట బిడ్డ పేరు అడిగిన పిమ్మట రెండవ ప్రశ్న ఏమి వచ్చునో అందఱికిని తెలిసినదే. ఎవరి పిల్ల, ఏ కులము, ఏ మతము అన్న ప్రశ్నకు ఇంటిపెద్దలు ముందుగనే ఒక సమాధానము నిర్ణయించుకొనియుండవలెను. ఆ సమాధానము బిడ్డ వినుచుండగా చెప్పదగినదై యుండవలెను. వంటింటికి అవతల వేఱు కంచము పెట్టదలచిన పెద్దవారు ఒక్కరున్నను ఆ ఇంటికి బిడ్డను పంపకుండుటయే మేలు. సొంత పిల్లలతో ముందుగా మాటలాడుట మఱవరాదు. తమ బొమ్మలను, తమ తల్లి ఒడిని పంచుకొనవలసివచ్చువారు వారే గదా. అధికారులు వచ్చి ఇంటిని చూచి నివేదిక వ్రాయునపుడు ఆదాయపు పత్రములను, ఆరోగ్యపు పత్రములను మాత్రమే గాక, ఇంటిలోని పిన్నలను పెద్దలను విడివిడిగా పలుకరించుట అవసరము. తనిఖీ యన్న మాటకు మధ్యతరగతివారు చిన్నబుచ్చుకొనరాదు. ఇతరుల బిడ్డను అప్పగించుచున్నపుడు అడుగవలసిన ప్రశ్నలను అడుగకుండుటయే తప్పగును.

బిడ్డ ఎట్లుండునో తెలిసికొనుట మఱియొక సిద్ధపాటు. క్రొత్త బట్టలు తొడిగి, తీపి తినిపించి, ఇక నీవు మా బిడ్డవు అన్నంతనే ఆ బిడ్డ నవ్వుచు మెడకు చుట్టుకొనునని తలచువారు నిరాశపడుదురు. ఆకలి ఎఱిగిన బిడ్డ అన్నము ముద్దను చొక్కాజేబులోనో దిండు క్రిందనో దాచును. అది దొంగతనము కాదు. రేపు పెట్టుదురో పెట్టరో అన్న భయము. ఎనిమిదేండ్ల పిల్లవాడు పక్క తడుపును. అడిగినదానికి అబద్ధమాడును, అడుగనిదానికి మౌనము వహించును. కొందఱు పిల్లలు మొదటి నెల ఎంతో బుద్ధిగా నుండి, పిదప అల్లరి మొదలుపెట్టుదురు. ఇంత అల్లరి చేసినను మీరు నన్ను ఉంచుకొందురా అన్న ప్రశ్నయే ఆ అల్లరి యని అనుభవజ్ఞులు చెప్పుదురు. దెబ్బలు తిని వచ్చిన బిడ్డకు దెబ్బతో బుద్ధి చెప్పబూనుట గాయముమీద కారము చల్లుట. పైగా సంరక్షణలో నున్న బిడ్డను హింసించుట బాలల న్యాయ చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము. వేళకు అన్నము, వేళకు నిద్ర, చెప్పిన మాట తప్పకుండుట అను మూడింటితో బిడ్డ మనసు నిలకడ చెందును. దీనికి నెలలు పట్టును. కొందఱి విషయమున ఏండ్లు పట్టును.

పిలుపు విషయమున తెలుగువారికి భాష ఒక గొప్ప సహాయము చేయుచున్నది. కన్నతల్లి బ్రదికి యున్న బిడ్డచేత బలవంతముగా అమ్మ యని పిలిపించుకొనుట ఆ బిడ్డ మనసును రెండుగా చీల్చుట. మా అమ్మను మఱచిపొమ్మనుచున్నారని బిడ్డ తలచును. అట్లని పేరుపెట్టి పిలుచుట గాని, మేడమ్ అని పిలుచుట గాని తెలుగింట ఒప్పదు. పెద్దమ్మ, పిన్ని, చిన్నమ్మ, పెదనాన్న, బాబాయి అన్న పిలుపులు ఇందులకే పుట్టినవా యనిపించును. వీరందఱును తల్లులే, తండ్రులే. ఐనను అమ్మ స్థానము అమ్మకే మిగిలియుండును. బిడ్డ తనంతట తాను అమ్మ యని పిలిచినపుడు కాదనవలసిన పనిలేదు. ఆ పిలుపును కోరి పుచ్చుకొనకుండుటయే పెద్దఱికము.

కన్నవారిని గూర్చి బిడ్డ ఎదుట ఒక్క పరుషవాక్యమైనను దొర్లరాదు. త్రాగుబోతు తండ్రియే కావచ్చును, బిడ్డను విడిచిపోయిన తల్లియే కావచ్చును. వారు చెడ్డవారని వినిన బిడ్డ, తానును ఆ రక్తమే గదా యని లోలోన తల వంచుకొనును. వారు చూడవచ్చిననాడు బిడ్డను శుభ్రముగా తయారుచేసి, వారికి కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, బిడ్డతో కొంతసేపు ఒంటరిగా మాటలాడనిచ్చుట చిన్న పనియే యైనను దానికి పెద్ద మనసు కావలెను. వారు వచ్చిపోయిన రాత్రి బిడ్డ ఏడ్చును, అన్నము తిననని మొండికేయును. అంతమాత్రమున వారిని రానీయకుండుట మంచిదని తలచుట పొరపాటు. ఆ ఏడుపు బంధము సజీవముగ నున్నదనుటకు గుర్తు. బిడ్డ పేరు మార్చుట, మ్రొక్కెడి దేవుని మార్చుట, ఇంటిలో మాటలాడిన భాషనో యాసనో చూచి నవ్వుట కూడ ఈ కోవలోనివే. ఛాయాచిత్రములు, పాత బడి పత్రములు, తల్లి ఇచ్చిన గాజు ముక్కయైనను సరే, ఒక పెట్టెలో భద్రపఱచి బిడ్డకు అందుబాటున ఉంచవలెను. తన కథ తనకు తెలిసిన బిడ్డ నిబ్బరముగా పెరుగును. ఆ కథను ఊరివారికి చాటుట మాత్రము తగదు. నేడు ప్రతి వేడుకయు చరవాణిలో లోకమునకు ప్రదర్శింపబడుచున్నది. సంరక్షణలో నున్న బిడ్డ ఎవరో తెలియునట్లు ప్రచురించుటను చట్టము నిషేధించినదని పోషకులు ఎఱిగియుండవలెను.

కడపటి సిద్ధపాటు ఎడబాటునకు. తెలుగింట అప్పగింతలు తెలియనివారు లేరు. ఆడపిల్లను పెంచి, ఒకనాడు వేఱొక ఇంటివారి చేతిలో పెట్టి, కన్నీరు తుడుచుకొని అన్నములు వడ్డించిన తల్లులు ప్రతి వీధిలోను ఉన్నారు. ఐతే పెండ్లికూతురు సంక్రాంతికి పుట్టింటికి వచ్చును. పోషక గృహమునుండి పోయిన బిడ్డ వచ్చునో రాదో తెలియదు. ఆ బిడ్డ చేరుచున్నది తమ ఇంటికంటె పేదయిల్లు కావచ్చును. అక్కడ ఇంత మంచి బడి ఉండకపోవచ్చును, ప్రతిదినము పాలు ఉండకపోవచ్చును. మా ఇంట ఉన్నచో ఇంజనీరయ్యెడివాడు గదా అన్న ఆలోచన ఈ సమయముననే వచ్చును. సదుద్దేశముతో కూడిన అన్యాయమునకు ఈ ఆలోచనయే బీజము. పేదఱికము తల్లిదండ్రులకు అనర్హత కాదు. అది అనర్హతయే యైనచో దేశములో సగము ఇండ్లనుండి బిడ్డలను తరలింపవలసియుండును. బిడ్డ పోవుటకు కొన్ని వారములు ముందుగనే మాటలాడుట, రాకపోకలు పెంచుట, ఏ జబ్బుకు ఏ మందో, ఏ కూర ఇష్టమో, చీకటిలో ఏల భయపడునో వ్రాసి కన్నవారికి ఇచ్చుట, పోయిన పిమ్మట ఉత్తరమో ఫోనో కొనసాగించుట అన్నవి ఎడబాటును బిడ్డ భరింపగలిగినదిగా చేయును. పోషకులకు కలిగెడి దుఃఖము కూడ నిజమైనదే. దానిని ఓదార్చుటకు ఎవరో ఒకరు ఉండవలెను. నీ బిడ్డ కాదుగదా ఏడ్పెందులకు అన్నవారు ఓదార్చువారు కారు.

కుటుంబములను ఇన్ని విధముల సిద్ధపడుమని కోరుచున్నపుడు ప్రభుత్వము తాను సిద్ధపడినదా యని అడుగుట న్యాయము. 2022లో రూపొందిన మార్గదర్శకములతో కేంద్రము నడుపుచున్న పథకమునకు మిషన్ వాత్సల్య యని పేరు పెట్టినారు. వత్సమనగా దూడ; దూడపై ఆవునకు గల మమకారమే వాత్సల్యము. పేరు అందమైనదే. ఆ పథకము క్రింద బిడ్డ పోషణకు నెలకు 4,000 రూపాయలు ఇచ్చు ఏర్పాటున్నది. ఇది జీతము కాదు, కారాదు. ఐనను బడిఖర్చు, మందులు, బట్టలు లెక్కించినచో పట్టణములలో ఇది చాలదన్నది గృహిణులందఱికి తెలియును. ఆ చాలని సొమ్మైనను నెలనెల వేళకు అందవలెను. అందకున్నచో పేద, దిగువ మధ్యతరగతి ఇండ్లలోని మంచిమనసులు ఈ పనికి దూరమగును. పిల్లలను పెంచుట ఎఱిగినవారు ఆ ఇండ్లలోనే అధికముగ నున్నారు.

సొమ్ముకంటె ముఖ్యమైనది తోడు. నెలకొకమాఱు తనిఖీ అని చట్టము వ్రాసినది. ఒక సమితిలో అధ్యక్షుడును నలుగురు సభ్యులును ఉందురు. జిల్లాలోని ఆశ్రమములు, బాల్యవివాహములు, తప్పిపోయిన పిల్లలు అన్నియు వారి బాధ్యతలే. జిల్లా బాలల పరిరక్షణ విభాగములో శిక్షణ పొందిన కార్యకర్తలు చాలినంతమంది లేనినాడు తనిఖీ ఒక సంతకముగ మిగులును. రాత్రి పది గంటలకు బిడ్డ ఇల్లు విడిచి పరుగెత్తినపుడు ఎవరికి ఫోను చేయవలెనో పోషకునికి తెలియనిచో, మార్గదర్శకములు ఎన్ని పుటలున్నను ప్రయోజనమేమి? ప్రతి జిల్లాలోను పోషణకు ముందుకు వచ్చువారికి కొన్ని దినముల తరగతులు నడుపుట, అదివఱకే పెంచినవారిచేత మాటలాడించుట, పెంచుచున్నవారు నెలకొకమాఱు కలిసికొని కష్టసుఖములు చెప్పుకొనునట్లు చేయుట పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. తెలుగులో, నిత్యవ్యవహారపు మాటలలో, ఒక చిన్న పుస్తకము అచ్చువేసి పంచుట అంతకంటె సులభము.

దీనికంటె ముందు చేయవలసినది వేఱొకటి కలదు. ఆశ్రమములలోను హాస్టళ్ళలోను ఉన్న పిల్లలలో తల్లియో తండ్రియో బ్రదికియున్నవారు అనేకులు. వారిని ఇల్లు విడువజేసినది ప్రేమ కొఱత కాదు, బియ్యపు కొఱత. అట్టివారికి పరుల ఇల్లు వెదకుటకంటె సొంత ఇంటికి చేయూత నిచ్చుట మేలు. అదే చట్టములో పోషణ సెక్షను వెనువెంటనే, 45వ సెక్షనున, బిడ్డను తన కుటుంబముననే నిలుపుటకు ధనసహాయము చేసెడి స్పాన్సర్‌షిప్ ఏర్పాటు కలదు. వితంతువైన తల్లికి నెలకు కొంత సొమ్ము అందినచో ఆ బిడ్డ ఎవరి ఇంటికిని పోనక్కఱలేదు. అది చేసిన పిమ్మటను ఇల్లు లేక మిగిలిన బిడ్డలకే పోషక కుటుంబములు కావలెను. వారిలో ఆఱేండ్లు దాటినవారు, అంగవైకల్యము గలవారు, విడదీయరాని అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఉందురు. దత్తత కోరువారు సాధారణముగా ఎంచనివారు వీరే.

అట్టి బిడ్డకు తలుపు తీయుటకు ఐశ్వర్యము అక్కఱలేదు, పాండిత్యమును అక్కఱలేదు. పిల్లలను పెంచి చేతులు ఖాళీయైన యాబదేండ్ల దంపతులు, పదవీ విరమణకు చేరువైన ఉపాధ్యాయినులు, ఒంటరిగా నున్నను ఇంటినిండ మనుషులను కోరువారు తెలుగునాట వేలకొలది ఉన్నారు. వారు నేరుగా జిల్లా బాలల పరిరక్షణ విభాగమునకు పోయి, నియమములను అడిగి తెలిసికొని, ఇంటిలోనివారితో చర్చించి, కొన్ని నెలలు ఆలోచించి నిర్ణయించుకొనవచ్చును. ఆలోచించిన పిమ్మట మాకు ఇది తగదని మానుకొన్నవారిని తప్పు పట్టరాదు. బిడ్డ రాకమునుపే మానుకొనుట, వచ్చిన పిమ్మట త్రిప్పి పంపుటకంటె ఎంతయో నయము. తగునని తలచి ముందుకు వచ్చినవారు మాత్రము, పెంచుటకు ఎంతగ సిద్ధపడిరో పంపుటకును అంతగ సిద్ధపడవలెను. అట్టి ఇండ్లు ప్రతి జిల్లాలోను పది యున్నను, ఆ పది ఇండ్లలోని పిల్లలు ఆశ్రమపు గంటకు గాక ఒక మనిషి పిలుపునకు నిద్ర లేతురు.